నల్లగొండ, పాలమూరు: కలిసి బతికిన ఊళ్లు, సమానత అడిగిన గొంతులు

నల్లగొండ వైపు సైదులు అనే మనిషి ఎదురైతే ఆయన మతమేమిటో పేరు చెప్పదు. ముస్లిం కావచ్చు, హిందువు కావచ్చు. ఇప్పటి సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఏటా జనవరిలో జరిగే ఉర్సుకు బండ్లు, ట్రాక్టర్లు కట్టుకొని జనం తరలివస్తారు. పిల్లలు లేనివాళ్లు ఆ దర్గాలోని సైదులుకు మొక్కుకుంటారు. బిడ్డ పుడితే ఆయన పేరే పెడతారు. మగపిల్లవాడైతే సైదులు, ఆడపిల్లైతే సైదమ్మ, రెడ్ల ఇంట పుడితే సైదిరెడ్డి. మొక్కు తీర్చుకోవడానికి మేకపోతును కోసి కందూరు విందు చేస్తారు. అదే కుటుంబం మాఘమాసంలో చెరువుగట్టు రామలింగేశ్వరుని జాతరకూ పోతుంది. ఇందులో వింతేముందని అడుగుతారు ఆ ఊళ్లవాళ్లు.

భిన్న మతాలు, భాషలు, కులాలు ఉన్న సమాజం ఒకే దేశంగా ఎలా నిలబడుతుందన్న ప్రశ్నకు దక్షిణ తెలంగాణ మెట్ట నేలలో దొరికే జవాబుల్లో ఈ పేరు ఒకటి. అయితే ఇది సగం జవాబే. పేర్లు, పండుగలు కలిసిన ఊళ్లలోనే వెట్టి ఉండేది, అంటరానితనం ఉండేది. కలిసి ఉండటం ఇక్కడ పాతది, సమానంగా ఉండాలన్న పట్టుదల కొత్తది. ఆ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడానికి ఈ ప్రాంతం చేసిన ప్రయత్నాల్లోంచే ఇక్కడి దేశభావన పుట్టింది.

ప్రాంతం, దాని పొరలు

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కృష్ణ, తుంగభద్ర, మూసీ, డిండి నదుల నడుమ పరచుకున్న ఎర్రనేల, నల్లరాతి గుట్టల ప్రాంతం. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరయ్యాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా జిల్లా అయింది. మహబూబ్‌నగర్‌ను జనం ఇప్పటికీ పాలమూరు అనే పిలుస్తారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద ఆ పట్టణానికి 1890లో ప్రస్తుత నామం వచ్చింది. బస్సు బోర్డు మీద ఒక పేరు, నోట్లో మరో పేరు. రెండూ సొంతవే.

ఈ నేలలో ఎక్కడ తవ్వినా ఒక మతం కింద మరో మతం కనిపిస్తుంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి బౌద్ధ స్తూపం, విహారాలు, శిల్పాలు చెక్కిన తోరణం బయటపడ్డాయి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. ఆలేరు దగ్గరి కొలనుపాక జైనులకు కుల్పాక్‌జీ తీర్థం, వీరశైవులకు రేణుకాచార్యుని స్థలం. అక్కడి శాసనాల్లో కన్నడం, తెలుగు రెండూ ఉన్నాయి. నల్లగొండ పక్కనున్న పానగల్లులో కందూరు చోళుల కాలపు పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం ఉన్నాయి. నల్లగొండ పట్టణంలోని గుట్ట మీద లతీఫ్ సాహెబ్ దర్గా ఉంది.

అలంపురం దగ్గర ఈ పొరలు మరింత దగ్గరదగ్గరగా ఉంటాయి. కృష్ణ, తుంగభద్రల మధ్య భూమిని నడిగడ్డ అంటారు. అక్కడ బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. జోగులాంబ శక్తిపీఠం ఉంది. వాటి పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. జోగులాంబను చూసి వచ్చే యాత్రికుల్లో కొందరు దర్గా ముందు కూడా ఆగి చాదరు మీద పూలు వేసి పోతారు. మహబూబ్‌నగర్ పట్టణ శివారులో ఎకరాల కొద్దీ ఊడలు దిగిన పిల్లలమర్రి నీడలోనూ ఒక దర్గా ఉంది.

పీర్ల పండుగ

ముస్లిం ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్లలో సైతం మొహర్రం జరుగుతుంది. దాన్ని పీర్ల పండుగ అంటారు. ఊరి మధ్య పీర్ల కొట్టం, దాని ముందు అలాయి గుంత ఉంటాయి. నెల పొడిచిన తర్వాత పెట్టెలో దాచిన పీర్లను బయటికి తీసి కడుగుతారు. కర్రకు బిగించిన ఇత్తడి, వెండి రేకుల మీద హసన్, హుస్సేన్, మౌలాలి, బీబీ ఫాతిమా పేర్లుంటాయి. ఒక్కొక్క ఇంటివాళ్లు తెచ్చిన రంగురంగుల దట్టీలు చుట్టగానే రేకు మనిషంత ఎత్తు అవుతుంది. ఊదు పొగ కమ్ముకుంటుంది. ఆడవాళ్లు కుడుకలు, మలీద ముద్దలు, బెల్లం పానకం తెచ్చి ఇస్తారు. రాత్రి గుంతలో పెద్ద మొద్దులు వేసి నిప్పు పెడతారు. దాని చుట్టూ గజ్జెలు కట్టుకొని కుర్రవాళ్లు గుండ్రంగా తిరుగుతూ అసైదూలా పాటలు పాడతారు. కర్బలా కథ అక్కడ తెలుగులో నడుస్తుంది. ఎడారిలో దాహంతో చనిపోయిన పిల్లల దుఃఖం, వానలు తప్పితే బావులెండే మెట్ట రైతుకు చెప్పకుండానే అర్థమవుతుంది. పదో నాడు పీర్లు ఊరి వీధుల్లో తిరిగి చెరువుకో బావికో పోతాయి. వెనక వచ్చేవాళ్లు ఏడుస్తూ నడుస్తారు.

కాసేపు దగ్గర నిలబడి చూస్తే ఈ పండుగలో మరో విషయం కూడా కనిపిస్తుంది. పీరును ఎవరు ఎత్తాలో, ఎవరు అలాయి కట్టెలు తేవాలో, ఎవరు డప్పు కొట్టాలో చాలా ఊళ్లలో తరాలుగా ముందే నిర్ణయమై ఉంది. డప్పు మాదిగలది. పండుగ అందరిదే, పనులు మాత్రం కులాన్ని బట్టి పంచినవి. ఈ ఉమ్మడి సంస్కృతిని పొగిడే వ్యాసాలు ఈ ఒక్క వాక్యాన్ని తరచూ వదిలేస్తాయి.

కురుమూర్తి ఉద్దాలు

మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి స్వామి జాతర కార్తీకంలో జరుగుతుంది. గుట్ట మీది వేంకటేశ్వరుడికి ఆత్మకూరు నుంచి ఆభరణాలు ఊరేగింపుగా వస్తాయి. ఆత్మకూరు అమరచింత సంస్థానపు రాజధాని. అది రాజుల ఊరేగింపు. జాతరలో దానికి సమానంగా జనం ఎదురుచూసేది ఇంకొకటుంది. అదే ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామి పాదరక్షలు. వాటిని వడ్డెమాన్‌లో దళితులు నియమంగా ఉపవాసాలుండి తోలుతో కుడతారు. మామూలు చెప్పుల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. వాటిని అలంకరించి ఊరేగింపుగా జాతరకు తెస్తారు. దారి పొడవునా భక్తులు వంగి వాటిని తలకు తాకించుకుంటారు. ఊళ్లో చెప్పులు కుట్టే మనిషిని ముట్టుకోకూడదన్న రోజుల్లో కూడా ఆ చేతులు కుట్టిన చెప్పు అగ్రకులాల తల మీదికి వచ్చేది.

దీన్ని సమానత అనగలమా? ఒక్క రోజు, ఒక్క వస్తువు వరకు ఔను. మిగిలిన రోజుల్లో ఆ కుట్టే చేతికి ఊరి బావి నీళ్లు దక్కేవి కావు. ఏడాదికి ఒకసారి దేవుడి ముందు తలకిందులయ్యే కులవ్యవస్థ మర్నాడు మళ్లీ తన స్థానంలోకి వచ్చేది. అయినా ఈ ఉద్దాలను తేలిగ్గా తీసేయకూడదు. ఫలానా పని నీచమైనదన్న నమ్మకాన్ని ఈ ప్రాంతం తన భక్తిలోనే ఎక్కడో అనుమానించిందని అవి చెబుతున్నాయి.

అలా అనుమానించకపోగా భక్తి పేరుతోనే సాగిన దుర్మార్గమూ ఇక్కడ ఉంది. పాలమూరు పల్లెల్లో దళిత కుటుంబాల ఆడపిల్లలను ఎల్లమ్మకో, మరో దేవతకో జోగినిగా వదిలేవాళ్లు. ఆ పిల్లకు పెళ్లి ఉండేది కాదు, తండ్రి పేరు చెప్పుకోలేని పిల్లలు పుట్టేవారు. ఊరి పెత్తందార్లు ఆమె శరీరం మీద హక్కు చలాయించేవారు. 1988లో రాష్ట్ర శాసనసభ జోగిని, దేవదాసీ అంకితాలను నిషేధిస్తూ చట్టం చేసింది. సంప్రదాయం పేరు చెప్పి ఎవరూ ఒక మనిషి గౌరవాన్ని తీసుకోరాదన్నది ఆ చట్టం సారం. బహుత్వాన్ని కాపాడడం అంటే ప్రతి ఆచారాన్నీ కాపాడడం అనుకునేవాళ్లకు పాలమూరు జోగినుల జీవితాలే సమాధానం.

బాంచన్ నుంచి ఓటు దాకా

నిజాం కాలంలో ఈ జిల్లాల పల్లెల్లో వినిపించిన మాట “బాంచన్ దొరా, కాల్మొక్త”. దేశ్‌ముఖులు, జాగీర్దారులు, పటేల్ పట్వారీల ముందు అన్ని వృత్తుల వాళ్లూ వెట్టి చేయాల్సి వచ్చేది. మాదిగలు మోట తొండాలు, చెప్పులు కుట్టి ఊరికే ఇవ్వాలి. గొల్లలు గొర్రెను, కుమ్మరులు కుండలను, సాలెలు బట్టను అప్పగించాలి. చాకలి, మంగలి పిలిచినప్పుడల్లా గడీకి పోవాలి. సర్కారీ ఉద్యోగి ఊళ్లోకి వస్తే సామాను మోయాల్సింది కింది కులాలవాళ్లే. హిందూ దొర, ముస్లిం జాగీర్దారు అన్న తేడా లేకుండా బరువు ఒకేలా పడేది. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకు ఈడ్చి కేసు గెలిచాడు. ఆ తర్వాత దారికాచి చంపారు. ఆయన సమాధి ఊరివాళ్లందరికీ మొక్కే చోటైంది. ‘మా భూమి’ నాటకానికి ఆయన జీవితమే ఆధారం.

1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటానికి నల్లగొండే గుండెకాయ. అందులో కులం, మతం గోడలు కూలాయి. పూర్తిగా కూలాయని చెప్పడం అతిశయోక్తి. కానీ పోరాటం నడిపిన సంఘం సభలో పాలేరూ రైతూ ఒకే చాప మీద కూర్చున్నారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను దొరల మీద పోరాటానికి వాడుకున్నారు. యాదవుల భక్తి కళ రాజకీయ కళ అయింది. మరోవైపు రజాకార్ల దాడుల్లో గుండ్రాంపల్లి వంటి ఊళ్లు నెత్తురోడాయి. ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. 1948 సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య 17న ముగిసింది. దాని తర్వాత హైదరాబాదు రాజ్యంలోని కొన్ని జిల్లాల్లో ముస్లింలపై జరిగిన హింసను పండిట్ సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రెండు దుఃఖాలనూ ఒకే చరిత్రలో రాయగలిగినప్పుడే ఈ ప్రాంతపు కథ పూర్తవుతుంది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి చేరారు. ఊరి హరిజన కుటుంబాలు బతకడానికి 80 ఎకరాల భూమి కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలై దేశమంతా నడిచింది. పక్క ఊళ్లలో తుపాకులతో అడుగుతున్న భూమినే పోచంపల్లిలో చేతులు జోడించి అడిగారు. రెండు చోట్లా అడిగింది భూమే. సమానత అనే మాట ఈ జిల్లాల్లో ఎప్పుడూ గాలిలో లేదు, గుంటల్లోనూ ఎకరాల్లోనూ ఉండేది.

అప్పటికే రాజ్యాంగం వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం బేగారును, అంటే వెట్టిని, నిషేధించింది. ఢిల్లీలో రాసిన ఆ వాక్యాలకు నల్లగొండ పల్లెల్లో వెంటనే అర్థం తెలిసింది. ఎందుకంటే ఆ బేగారు ఏమిటో వాళ్ల వీపుకు తెలుసు.

మొదటి సాధారణ ఎన్నికలు ఈ కథలో కీలకమైన మలుపు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున అభ్యర్థులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలిచారు. నల్లగొండ ద్విసభ్య లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి మూడు లక్షలకు పైగా ఓట్లతో గెలిచారు. నెహ్రూకు వచ్చిన వాటికంటే అవి ఎక్కువ. అదే నియోజకవర్గపు షెడ్యూల్డ్ కులాల స్థానంలో సుంకం అచ్చాలు గెలిచారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లారు. హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ గెలిచారు. మెదక్ జిల్లా అందోలులో పుట్టి హైదరాబాదులో ప్రసిద్ధుడైన ముస్లిం కవికి, తెలుగు తప్ప మరో భాష రాని రైతులు ఓటు వేశారు. ఒకే జిల్లా ఒకే సమయంలో ఒక రెడ్డిని, ఒక దళితుణ్ణి, ఒక మహిళను, ఒక ముస్లింను తన ప్రతినిధులుగా పంపింది. తుపాకి వదిలిన వాళ్లు ఓటు వేసి భారతదేశంలో భాగమయ్యారు. ఈ దేశం మాది అని వాళ్లు చెప్పిన తీరు అది.

ఏ భాషలో మాట్లాడాలి

సమానత కోరిన మొదటి గొంతు మాత్రం భాష గురించి లేచింది. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచేది. రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లే అందరికంటే ఎక్కువ. 1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటరులో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే తర్వాత ఆంధ్ర మహాసభగా పెరిగింది. దాని సభలు దేవరకొండ (1931), షాద్‌నగర్ (1936), చిలుకూరు (1941), భువనగిరి (1944) లాంటి ఈ జిల్లాల ఊళ్లలోనే జరిగాయి. పక్కనే మహిళా సభలూ జరిగేవి. గ్రంథాలయాలు, తెలుగు బడులు అడిగిన సభే మెల్లగా వెట్టి రద్దు, కౌలు హక్కు అడిగింది. భాష కోసం మొదలైన మాట భూమి దాకా వెళ్లింది.

నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో ‘నీలగిరి’ పత్రిక నడిపారు. పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో రాస్తే ఆయన వాదించి ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాజుల యుద్ధాలను పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నది చెప్పింది. 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. ఒక జాతికి చరిత్ర అంటే దాని సామాన్యుల బతుకు అని ఆయన గట్టిగా నమ్మారు.

ఉర్దూ పెత్తనాన్ని ఎదిరించిన ఈ జనం ఉర్దూ మాటలను వదిలించుకోలేదు. పట్టా, పహాణీ, జమాబందీ, తహసీలు, దస్తావేజు, కచేరీ, జాగా. పొలం గట్టు మీద నిలబడి మాట్లాడే రైతు నోట ఇవి తెలుగు మాటలే. తర్వాతి కాలంలో తెలంగాణ రాష్ట్రం 2017లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా ఇచ్చింది.

పడమటి అంచున భాషల సరిహద్దు ఇంకా కరిగిపోతుంది. 1956 రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు జిల్లా నుంచి గద్వాల, అలంపురం తాలూకాలు, గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్ తాలూకా తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి. గీత మారింది, మనుషులు మారలేదు. నారాయణపేటలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వీధిలో వినిపిస్తాయి. అక్కడ నేసిన చీర మహారాష్ట్ర పెళ్లిళ్లలో కనిపిస్తుంది. కృష్ణ మండలంలో కన్నడ మాధ్యమ ప్రభుత్వ బడులున్నాయి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. దాన్ని అమలులో చూడాలంటే ఆ బడి గుమ్మం దగ్గర నిలబడితే చాలు.

ఆ అధికరణం చేరని ఇళ్లూ ఉన్నాయి. దేవరకొండ గుట్టల్లో, పాలమూరు తండాల్లో లంబాడీ పిల్ల ఇంట్లో గోర్‌బోలి మాట్లాడి, బడిలో తెలుగులో రాయాలి. ఆ భాషకు సొంత లిపి లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో అది లేదు. 1976లో తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంతంగా గ్రామ పంచాయతీలయ్యాయి. పెద్ద ఊరి శివారుగా బతికిన తండాకు సర్పంచి, ముద్ర, పద్దు వచ్చాయి. తీజ్ పండుగనాడు గోధుమ మొలకల బుట్టలు ఎత్తుకొని పాడే ఆడపిల్లల మధ్య పెరిగిన అమ్మాయే అక్కడ సర్పంచి కుర్చీలో కూర్చోగలుగుతుంది.

నల్లమలలోని చెంచుల పరిస్థితి వేరు. అమ్రాబాద్, మన్ననూరు అడవుల్లో ఉండే వీరిని కేంద్రం ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాల్లో ఒకటిగా గుర్తించింది. 1943లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వీరి మీద పుస్తకం ప్రచురించారు. వీరి ఇంటి భాష తెలుగే. కాబట్టి వీరి సమస్య భాషది కాదు, అడవి మీద హక్కుది. పులుల అభయారణ్యంగా మారిన అడవిలో తేనె తీసే మనిషి ఎవరి భూమి మీద ఉన్నట్టు? ఈ ప్రశ్నకు అధికారుల దగ్గర, చెంచుల దగ్గర వేర్వేరు జవాబులున్నాయి.

వలస

పాలమూరు పేరు దేశమంతా తెలిసింది మట్టి పని వల్ల. ‘పాలమూరు లేబర్’ అంటే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లాజెల్లాతో వెళ్లి, ఆనకట్టలకూ కాలువలకూ రోడ్లకూ మట్టి తీసే మనుషులు. నాగార్జునసాగర్ లాంటి ప్రాజెక్టుల్లో వాళ్ల చెమట ఉంది. స్వతంత్ర దేశపు నిర్మాణం అనే మాటను అక్షరాలా చేతులతో చేసినవాళ్లు వీరు. ముంబైలోని కామాఠీపురా పేరు నిజాం ఇలాకా నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లనే వచ్చింది. నల్లగొండ పద్మశాలీలు మగ్గం పని వెతుక్కుంటూ భివండి, సోలాపూర్, సూరత్ చేరారు. ఇంటి దగ్గర తెలంగాణ మనిషి, ముంబైలో తెలుగువాడు, విమానం దిగిన దేశంలో భారతీయుడు. గుర్తింపు ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలిపించుకుంటుంది. ఏదీ అబద్ధం కాదు.

ఊళ్లో ఉండిపోయినవాళ్ల చేతి పనే దూరాలకు వెళ్లిన కథ నేతగాళ్ల ఊరు పుట్టపాకది. నూలును నూనెలో నానబెట్టి, దారాన్ని ముడులు కట్టి, ఎర్రరంగు, నలుపు అద్ది నేసే తేలియా రుమాలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలపాగాగా ఎగుమతయ్యేది. హిందూ సాలె నేశాడు, ముస్లిం వర్తకుడు కొన్నాడు, అరబ్బు తలకు చుట్టుకున్నాడు. పోచంపల్లి ఇక్కత్ పని ఆ చిటికి కట్టే విద్య నుంచే విస్తరించింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, రోజంతా ఆసు పోసి భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పటి లెక్కలు

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటి కులగణన మొదలుపెట్టి 2025 ఫిబ్రవరిలో ఫలితాలు వెల్లడించింది. దాని ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. కులాన్ని మరచిపోవాలంటే ముందు దాన్ని లెక్కపెట్టాలా, లెక్కపెడితే అది ఇంకా గట్టిపడుతుందా అన్న వాదన రాష్ట్రమంతటా సాగుతోంది. తక్కువ దక్కినవాళ్లు మాత్రం లెక్కనే కోరుతున్నారు. లెక్కలో లేకపోతే వాటాలో ఉండబోమని వారికి అనుభవం.

సాహిత్యంలోనూ ఈ లెక్క అడిగే గొంతులు ఇక్కడి నుంచే బలంగా వచ్చాయి. వేముల ఎల్లయ్య ‘కక్క’ (2000) నల్లగొండ మాదిగవాడ మాటల్లోనే రాసిన నవల. ముస్లిం జీవితం మీద తెలుగు కథలను ‘వతన్’ (2004) పేరుతో నల్లగొండకు చెందిన స్కైబాబ సంకలనం చేశారు. దేశభక్తిని రోజూ రుజువు చేసుకోవాల్సిన స్థితి ఎందుకు వచ్చిందని తెలుగు ముస్లిం రచయితలు తెలుగులోనే అడిగారు. మాతృదేశం అనే అర్థంలో ‘వతన్’ అని పేరు పెట్టడమే వాళ్ల జవాబు.

సైనిక చర్య ముగిసిన సెప్టెంబరు 17ను ఏమని పిలవాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. కేంద్రం 2022 నుంచి విమోచన దినంగా జరుపుతోంది. రాష్ట్ర ప్రభుత్వం అదే ఏడాది జాతీయ సమైక్యతా దినం అంది. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అని మార్చింది. వామపక్షాలు సాయుధ పోరాట యోధులను తలచుకుంటాయి. ఒక జ్ఞాపకానికి ఇన్ని పేర్లుండటం గందరగోళమే. అయినా ఆ పేర్లన్నీ జనం జెండా కింద నిలబడి బాహాటంగా చెప్పగలుగుతున్నారు.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య డక్కలి కులస్థుడు. డక్కలివాళ్లు మాదిగల మీద ఆధారపడి, వాళ్ల వంశ పురాణం పాడి బతికేవాళ్లు. అంటరానివాళ్లకు కూడా వాళ్లు అంటరానివాళ్లు. మాదిగవాడలో కూడా బయటే కూర్చొని అన్నం తినేవాళ్లు. వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు కట్టి, 12 మెట్ల కిన్నెర మీద వాళ్లు పాడిన కథల్లో పాలమూరు పండుగ సాయన్న ఉన్నాడు. పానుగంటి మియాసాబ్ ఉన్నాడు. హిందూ వీరుణ్ణీ ముస్లిం వీరుణ్ణీ ఒకే తీగ మీద పాడిన ఆ వాద్యానికి 2022లో మొగిలయ్య పేర పద్మశ్రీ దక్కింది. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు కూడా అదే గౌరవం లభించింది. డక్కలివాళ్ల వాటా మాట చట్టంలోకీ వచ్చింది. ఎస్సీ కోటాను లోపలి కులాల మధ్య పంచే వర్గీకరణకు సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న దారి తెరిచింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 ఎస్సీ కులాలను మూడు వర్గాలుగా చేసి, 15 శాతం కోటాను 1, 9, 5 శాతాలుగా పంచింది. డక్కలివాళ్లు మొదటి వర్గంలో, ఒక శాతం ఉన్న చోట ఉన్నారు. మాదిగలు రెండో వర్గంలో ఉన్నారు. మాదిగల ఇళ్ల ముందు కిన్నెర మీటిన వాళ్లకు సర్కారీ కాగితం మీద మాదిగల నుంచి వేరుగా ఒక గడి వచ్చింది.